ఖాళీగా వెళ్ళని గాజుగిన్నె

ఆరో తొట్టి దగ్గర వకుళ గరిటెను అడుగుదాకా దించి, రంగును తినే జీవతెర అంచును జానెడు మేర పైకెత్తింది. తెర చిరగలేదు. పైన ముదురాకుపచ్చ, అడుగున ఇటుకరంగు, రెంటికీ నడుమ తెల్లవారుజామున తాగిన నీలం ఇంకా అరగక సన్నటి చారగా మిగిలి ఉంది. గోరంత ముక్క తుంచి రేఖాపఠని యంత్రం నోట్లో పెట్టింది. రెండు నిమిషాల్లో తెర పుట్టుక చెప్పే మూలముద్ర పలక మీదికి రావాలి. రెండు కాస్తా అయిదయ్యాయి.

"కొత్త మిషనా అమ్మాయ్?" గట్టు మీద కూర్చుని గంజి చల్లార్చుతున్న నాంచారమ్మ అడిగింది. "పాతది ఇంతసేపు నానబెట్టేది కాదు."

"కొత్తదేనండి పిన్నిగారూ. పాతది తొమ్మిది చారలే చదివేది. ఇది తొమ్మిది వందలు చదువుతుంది."

"అన్ని చదివి ఏ ఊళ్ళేలాలంట?"

ఏడో కేంద్రంలోని ఇరవై రెండు తొట్లకూ పెద్దదిక్కు నాంచారమ్మ. వయసు అరవై తొమ్మిది, నోరు మాత్రం పాతికేళ్ళది. ఆమె కింద ముప్ఫై మంది ఆడవాళ్ళు పనిచేస్తారని కంపెనీ కాగితాల్లో ఉంటుంది గానీ అది తప్పు. ఆమెతో పాటు పనిచేస్తారు, అందరూ సమాన భాగస్వాములే. కాలువకు ఎగువనున్న అద్దకం షెడ్లలో గుడ్డకు పట్టగా మిగిలిన రంగునీళ్ళన్నీ ఈ తొట్లలోకే దిగుతాయి. తెరలు ఆ రంగును తినేస్తాయి. అవతలి తూములోంచి బయటపడే నీళ్ళలో జెల్లపిల్లలు ఈదుతుంటాయి. వాటిని చూపించే నాంచారమ్మ తమ పని ఏమిటో కొత్తవాళ్ళకు చెబుతుంది.

ఆ షెడ్లు ఓరిమార్ కంపెనీవి. ఓరిమార్ ఇరవై ఆరు దేశాల్లో బట్ట నేసి రంగులద్దుతుంది. తెరలు పెంచే కేంద్రాలు పద్నాలుగు, ఒక్కటీ కంపెనీ సొంతం కాదు, అన్నీ పొత్తులోనివే. పొత్తుపటంలో పద్నాలుగు చోట్ల నుంచి పద్నాలుగు గీతలు బయల్దేరి ఉత్తర సముద్రపు ఒడ్డునున్న మూలశాల అనే కంపెనీ ప్రయోగశాలలో కలుస్తాయి. ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి గీత ఉండదు. ఒప్పందంలో మొదటి షరతు, కాలువలోకి దిగే నీరు తాగడానికి పనికిరావాలి. రెండో షరతు, ఎవరు పెంచిన రేఖ, అంటే తెర వంశం, వారి దగ్గరే ఉండాలి, మూలశాలకు తప్ప ఇంకెక్కడికీ పోకూడదు. ఎవరి తెలివి ఎవరిదో తేలకపోతే పొత్తు నిలవదని కంపెనీ నమ్మకం. ఆ రెండో షరతును కాపాడడమే రేఖాధికారుల పని. పన్నెండేళ్ళుగా ఆ పనిలో ఉన్న వకుళకు అందులో తప్పేమీ కనిపించలేదు.

మిషను తీరిగ్గా నములుతోంది కదా అని వకుళ సంచిలోంచి స్టీలు డబ్బా తీసి నాంచారమ్మ పక్కన పెట్టింది. పోయిన విడత వచ్చినప్పుడు ఆమె చింతచిగురు రొయ్యలు పెట్టి ఇచ్చిన డబ్బా అది. చక్కగా తోమి తెచ్చింది. నాంచారమ్మ మూత తీసి లోపలికి చూసింది, మళ్ళీ మూత పెట్టేసింది.

"చూశావా, కంపెనీ వాళ్ళ చేతిలో పడితే డబ్బా ఎలా తళతళలాడుతుందో!" అంది పక్కనున్న మస్తానమ్మతో.

తొట్లకు గంజి పోసే పని మస్తానమ్మది. ఆమె పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వకుళకు మనసులో చురుక్కుమంది. అమ్మ బతికుంటే ఇలా తేనిచ్చేదా? పొరుగింటి గిన్నెను కనీసం నాలుగు పలుకుల పంచదారైనా వేయకుండా తిరిగి ఇస్తే అమ్మ వీపు చీరేసేది. ఏడాదికి ఆరు దేశాలు తిరిగే ఉద్యోగంలో పడి ఆ సంగతే మరిచిపోయింది.

"పొరపాటైంది పిన్నిగారూ," అంది.

"అయితే అయిందిలే. నువ్వు వచ్చావుగా, అదే పదివేలు."

అప్పుడు మిషను కూసింది. పలక నిండా చారలు. ఏడో కేంద్రం గుర్తు పసుపు. పసుపు చారల మధ్య ఎర్రవి, ఊదావి, తెల్లవి లెక్కలేనన్ని. వకుళ మిషను చెడిందనుకుని ఇంకో ముక్క పెట్టింది. మళ్ళీ అవే రంగులు వచ్చాయి.

చెవిలో కంపెనీ యంత్రం నిర్ణేత గొంతు వినిపించింది. పద్నాలుగు కేంద్రాలనూ రేయింబవళ్ళు కనిపెట్టుకుని ఉండే ఆ గొంతుకు తొందరా లేదు, కోపమూ లేదు.

"ఏడో కేంద్రం మూలముద్రలో అన్యరేఖలు మూడు వందల పన్నెండు. వాటిలో ఎక్కువ భాగం నాలుగో కేంద్రం జావాది, పదకొండో కేంద్రం మొరాకోది. మీ నిర్ధారణ కావాలి."

పలక మీద మూడు గడులు వెలిగాయి. స్వంతం. అనుమతి. కలుషం.

"స్వంతం కాదు. అనుమతి పత్రం లేదు. మూడోది మిగిలింది," అంది నిర్ణేత. "మీరు నొక్కాక, సాయంత్రం నాలుగింటికి వేడిసున్నం తూములు తెరుచుకుంటాయి. తొట్లు శుద్ధి అవుతాయి. ఏడో కేంద్రంతో పొత్తు ఆ సమయానికే ముగుస్తుంది. ఇక్కడ మూలశాల వారి తొమ్మిదో శుద్ధరేఖను వేరేవారు పెంచుతారు."

వకుళ గొంతు తగ్గించింది. "తొమ్మిదో శుద్ధరేఖ పరీక్షలోనే పంతొమ్మిది రోజులకు చచ్చిపోయింది."

"పదోది తయారవుతోంది."

"నేను నొక్కకపోతే?"

"ప్రాణమున్నదాన్ని చంపాలంటే మనిషి వేలు తప్పనిసరి. నాలుగింటిలోగా మీరు నొక్కకపోతే రేపు ఉదయం మరో అధికారి వచ్చి నొక్కుతారు."

"ఇరవై రెండు తొట్లూ చూశాకే చెబుతాను," అంది వకుళ. అది నిబంధనల్లో ఉన్న మాటే కాబట్టి నిర్ణేత అభ్యంతరం చెప్పలేదు.

అన్ని తొట్లూ చూసేసరికి మధ్యాహ్నం దాటింది. ఒక్క తొట్టిలోనూ పసుపు ఒంటరిగా లేదు. మస్తానమ్మ భోజనానికి కేకేసింది. షెడ్డు నీడలో విస్తళ్ళు పరిచారు. మామిడికాయ పప్పు, వంకాయ కూర, గడ్డ పెరుగు. వకుళకు ముద్ద దిగలేదు. ఈ చేత్తో వాళ్ళన్నం తిని, ఇదే చేత్తో వాళ్ళ తొట్లలో సున్నం పోయించాలి. విస్తరి ముందు కూర్చుని సంగతంతా దాచకుండా చెప్పేసింది.

ఎవరూ గగ్గోలు పెట్టలేదు. ముప్ఫై మందీ నాంచారమ్మ వైపు చూశారు. ఆమె పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా మింగింది.

"పోలిక పరీక్షలని పెట్టారు కదమ్మా మీవాళ్ళు," అంది. "అక్కడినుంచి వచ్చింది ఇదంతా."

పోలిక పరీక్ష వకుళకు తెలియనిది కాదు. ప్రతి రుతువులోనూ మూలశాల ఒక కేంద్రం తెరను చెంచాడు తీసి, మూతబిగించిన గాజుగిన్నెలో మరో కేంద్రానికి పంపుతుంది. అక్కడివాళ్ళు దాన్ని విడిగా ఒక జాడీలో వేసి, పది రోజులు తమ నీళ్ళు తాగించి, ఎంత రంగు తిన్నదో రాసి పంపాలి. తరవాత జాడీలోని తెరను ఉడకబెట్టి పారేయాలి. గిన్నెను కడిగి, ఆరబెట్టి, ఖాళీగా తిప్పి పంపాలి. అది సొంత కేంద్రానికి చేరుతుంది.

"పదకొండేళ్ళ కిందట జావా నుంచి మొదటి గిన్నె వచ్చింది. మూత లోపల చిన్న చీటీ. సులస్త్రి అట, ఆవిడ పేరు. అక్కడి తొట్లకు పెద్ద. 'నాలుగు రోజులుగా ఇక్కడ వాన, మా పిల్లను మీ చేతుల్లో పెడుతున్నాం' అని రాసింది. మస్తానమ్మ ఫోనులో పెట్టి చదివించుకున్నాం. అలా రాసి పంపితే ఉడకబెట్టి పారేయమంటారేంటమ్మా? ఇంటికొచ్చిన చుట్టాన్ని ఉడకబెడతామా?"

"అందుకని తొట్లో వేసేశారా?"

"ఒక మూల వేశాం. పది రోజుల్లో మనదీ అదీ కలిసి ఒకటే అయిపోయాయి. మన తెర ఎరుపు సరిగ్గా తినేది కాదు, నీకు గుర్తుందో లేదో. అది వచ్చాక తినడం మరిగింది."

"మరి గిన్నె?"

ఆ మాటకు నాంచారమ్మ ఎప్పుడూ లేనంత మొహమాటపడింది. "ఖాళీగా ఎలా పంపుతామమ్మా? వాళ్ళ గిన్నె. మాదీ ఓ చెంచాడు వేసి పంపాం. రూలుకి తప్పని తెలుసు. తెలిసే పంపాం."

సులస్త్రికి ఆ గిన్నె చేరింది. ఆవిడ కూడా ఉడకబెట్టలేదు. ఆ తరవాత ఏ కేంద్రం గిన్నె వచ్చినా ఇక్కడివాళ్ళు ఊరికే తిప్పి పంపలేదు. అక్కడివాళ్ళకు ఆ మర్యాద నచ్చింది కాబోలు, వాళ్ళూ నేర్చుకున్నారు. పదకొండేళ్ళుగా కంపెనీ కొరియరు డబ్బాల్లోనే, కంపెనీ ముద్రల కిందే, పద్నాలుగు చోట్ల తెరలు ఒకదాని ఇంటికి ఒకటి వెళ్ళి వస్తున్నాయి. పాత మిషన్లకు ఆ సంగతి పట్టుకునే చూపు లేదు.

"ఉప్పువేసవి గుర్తుందా?" అని అడిగింది మస్తానమ్మ.

ఎందుకు గుర్తుండదు! ఆరేళ్ళ కిందట అన్ని తీరాల్లోనూ సముద్రం కాలువల్లోకి ఎగదన్ని మూడు నెలలు దిగలేదు. మూలశాలలో ఉప్పునీటి పరీక్షకు పెట్టిన శుద్ధరేఖలన్నీ వారంలో తెల్లబడి చచ్చాయి. పద్నాలుగు కేంద్రాల్లో మాత్రం ఒక్క తెరా చావలేదు. ఇదంతా తమ శుద్ధరేఖల సహనశక్తి అని మూలశాల వారు పెద్ద సభ పెట్టి చెప్పుకున్నారు. ఆ సభలో ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్ళలో వకుళ కూడా ఉంది.

"ఆ యేడు మనల్ని బతికించింది మొరాకో గిన్నె," అంది నాంచారమ్మ. "ఉన్నికి రంగులద్దేవాళ్ళు. వాళ్ళ బావుల్లో ఎప్పుడూ ఉప్పేనంట. అంతకుముందు సంవత్సరమే వాళ్ళ చెంచాడు మన తొట్లోకి వచ్చి ఉంది. మనం ఇచ్చింది ఎంతమ్మా? చెంచాడు. మనకు దక్కింది కాలువంతా. వాళ్ళ మొహాలైనా చూడలేదు మేం. పొద్దున్నే గంజి పోసేటప్పుడు ఆ దిక్కుకు తిరిగి దణ్ణం పెట్టుకుంటాం. ఏ దిక్కో సరిగ్గా తెలీదు, ఉజ్జాయింపుగా పెట్టేస్తాం."

వకుళ పుట్టింది ఇదే కాలువ చివరనున్న ఊళ్ళో. చిన్నప్పుడు నీటి రంగును బట్టి వారం చెప్పేవాళ్ళు. సోమవారం ఎరుపు, గురువారం నీలం. తెల్ల యూనిఫాం ఒక్కనాడూ తెల్లగా లేదు. గుడ్డలు ఉతికి ఉతికి అమ్మ చేతులకు మానని పుళ్ళు. ఆ చేతుల్తో అన్నం కలపలేక చెంచాతో కలిపి పెట్టేది. తరవాత ఏడో కేంద్రం వచ్చింది, నెమ్మదిగా నీళ్ళు తేటపడ్డాయి. అమ్మ చివరి ఎనిమిదేళ్ళూ చేత్తో అన్నం కలిపి పెట్టింది. అదంతా మూలశాల చలవ అనుకుంది వకుళ. అందుకే కృతజ్ఞత కొద్దీ ఈ ఉద్యోగంలో చేరింది. ఎవరికి చెప్పాల్సిన కృతజ్ఞత ఎవరికి చెబుతూ వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

"పిన్నిగారూ," అంది. "మాది కాలువ చివరి ఊరు. మా అమ్మ చేతులు మానింది మీ నీళ్ళతోనే. పన్నెండేళ్ళుగా ఇక్కడికి వస్తున్నాను, మీ అన్నం తింటున్నాను, ఒక్కసారీ మీకు ఆ మాట చెప్పలేదు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలీదు."

నాంచారమ్మ ఎంగిలి చేత్తోనే ఆమె మోకాలి మీద తట్టింది. "నాదేముందే పిచ్చిదానా! సులస్త్రికి చెప్పు. మొరాకో వాళ్ళకి చెప్పు. ముందు ఆ పెరుగన్నం తిను."

'పిచ్చిదానా' అన్న ఆ పిలుపు విని వకుళకు కడుపు నిండినంత హాయిగా అనిపించింది. విస్తరి ఖాళీ చేసింది.

మూడున్నరకు చెవిలో గొంతు మళ్ళీ వినిపించింది. "ఇరవై రెండు తొట్లు పూర్తయ్యాయి. నిర్ధారణ కోసం ఎదురుచూస్తున్నాను."

తిరిగి తీసుకెళ్ళాల్సిన గాజుగిన్నె ఒకటి ఇంకా ఉంది. ఈ రుతువులో జావా నుంచి వచ్చినది. మస్తానమ్మ దాన్ని తెల్ల గుడ్డలో చుట్టి తెచ్చింది. నాంచారమ్మ అందుకుని, గుడ్డ విప్పి, వకుళ చేతిలో పెట్టింది. గిన్నె తళతళలాడుతోంది. లోపల ఏమీ లేదు.

"ఈసారి ఖాళీగానే పట్టుకెళ్ళమ్మా," అంది నేల చూపులు చూస్తూ. "నీ ఉద్యోగం మీదికి రాకూడదు. మా తొట్లు ఎలాగూ పోతాయి. సులస్త్రి ఏమనుకుంటుందో ఏమో, మాకేదో కష్టమొచ్చిందని తనే అర్థం చేసుకుంటుందిలే."

పదకొండేళ్ళలో మొదటిసారి వాళ్ళు గిన్నెను ఖాళీగా ఇస్తున్నారు. అదీ తన కోసం. పొద్దున తను తెచ్చిన స్టీలు డబ్బా వకుళకు గుర్తొచ్చింది. ఉద్యోగం పోతే పోతుంది. పోతుందన్న భయం కూడా వేసింది, లేదనడం అబద్ధం. కానీ ఆ గిన్నెను అలా పట్టుకుని కాలువ గట్టు దాటడం తన వల్ల కాదని ఆమెకు స్పష్టంగా తెలిసిపోయింది.

లేచి ఆరో తొట్టి దగ్గరికి వెళ్ళింది. చెంచాతో తెర అంచు తుంచి గిన్నెలో వేసింది. రెండు చెంచాల తొట్టినీరు పోసి మూత బిగించింది. మెడలోని అధికారముద్ర తీసి మూత మీద అదిమింది. పన్నెండేళ్ళుగా నమూనాలు మూలశాలకు పోయేటప్పుడు తప్ప ఆ ముద్ర వాడలేదు. పలక మీద రెండో గడిని, అనుమతిని, నొక్కింది.

"అనుమతి ఇచ్చే అధికారం రేఖాధికారికి ఉంది," అంది నిర్ణేత. "కానీ గమ్యం మూలశాల కాదు, నాలుగో కేంద్రం అని రాశారు. కారణం చెప్పండి."

"గిన్నె వాళ్ళది. ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు."

"ఈ కారణం నా జాబితాలో లేదు."

"ఇప్పుడు చేర్చుకో."

పలక మీద పొత్తుపటం విచ్చుకుంది. ఏడో కేంద్రం నుంచి ఒక సన్నటి గీత బయల్దేరి, మూలశాల వైపు తిరక్కుండా, సముద్రం మీదుగా నేరుగా జావా చేరింది.

"ఈ గీత కేంద్రబిందువు గుండా పోవడం లేదు. సరిచేయాలా?"

"వద్దు. ఉండనీ."

"మీ అధికారం మీద విచారణ మొదలవుతుంది."

"మొదలవనీ."

నిర్ణేత ఆగింది. అది ఎప్పుడూ ఆగదు. వకుళకు తొట్లలో నీళ్ళు గుటకలేస్తున్న చప్పుడు వినపడింది. నాలుగింటి గడువుకు ఇంకా పద్దెనిమిది నిమిషాలు.

"అనుమతి ఈ రోజు నుంచి వర్తిస్తుంది. పాత అన్యరేఖలు అలాగే ఉన్నాయి," అంది నిర్ణేత చివరకు. ఈసారి మాట నెమ్మదిగా వచ్చింది. "ఒక కేంద్రం రెండో షరతు తప్పితే ఆ కేంద్రాన్ని శుద్ధి చేయాలి. అన్ని కేంద్రాలూ తప్పి ఉంటే అన్నిటినీ శుద్ధి చేయాలి. అలా చేస్తే ఏ కాలువలోనూ తాగే నీరు ఉండదు. మొదటి షరతు పోతుంది. రెండిటిలో మొదటిదే పెద్దది. కాబట్టి నాకు తెలియాలి. ఏడో కేంద్రం నుంచి ఇలాంటి గీతలు ఇంకా ఉన్నాయా?"

వకుళ పలక గొంతు పెంచి ఆ ప్రశ్నను అందరికీ వినిపించింది. "చెప్పాలని లేదు పిన్నిగారూ," అంది వెంటనే. "చెబితే వాళ్ళందరి పేర్లూ బయటికొస్తాయి. అందరి పేర్లూ వస్తేనే మీ తొట్లు నిలుస్తాయి, వాళ్ళవీ నిలుస్తాయి. రాకపోతే మీది ఒక్కటే పోతుంది. మీ ఇష్టం."

నాంచారమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుంది. లేచి నిలబడి, మస్తానమ్మ భుజం ఆసరా చేసుకుని పలక ముందుకొచ్చింది.

"దాచడానికి మేమేమన్నా దొంగతనం చేశామా?" అంది. "రాసుకో నాయనా. జావాలో సులస్త్రి. చెప్పాగా, మొదటి గిన్నె ఆవిడదే." చిటికెనవేలు ముడిచింది.

పటంలో ఏడు నుంచి నాలుగుకు పడిన గీత ముదురు రంగు తేలింది.

"మొరాకోలో ఫాతిమా, ఆవిడ కోడలు. ఉప్పువేసవికి ముందు ఏడాది. కోడలికి ఆడపిల్ల పుట్టిందని చీటీ రాశారు. పిల్లకి ఇప్పుడు ఏడేళ్ళుండాలి." ఉంగరపు వేలు ముడిచింది.

ఇంకో గీత. పలక మూలన గడువు చూపే గడియారం మూడూ నలభై అయిదు దగ్గర నిలిచిపోయింది. వకుళ దాన్ని రెండుసార్లు చూసింది. అది కదలడం లేదు.

"వియత్నాంలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు, పేర్లు నోరు తిరగవు గానీ వాళ్ళ తెర చలికాలంలో కూడా తింటుంది. పోర్చుగల్లో ఒక ముసలాయన, భార్య పోయాక తనే తొట్లు చూసుకుంటున్నాడు. ఆయన గిన్నెలో ఓసారి మేం రెండు చెంచాలు వేశాం, పాపం అని."

గీతలు ఒక్కొక్కటే పడుతున్నాయి. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. నాంచారమ్మ ఎవరినైనా మరిచిపోతే వెనకనుంచి అందిస్తున్నారు. ఎవరి గిన్నెలో ఏ పువ్వు రేకు వచ్చిందో, ఎవరి తెర పసుపును ముందు తిన్నదో, ఎవరికి తాము దణ్ణం పెట్టుకోవాలో అన్నీ చెబుతున్నారు. నిర్ణేత మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. పటం నడుమనున్న మూలశాల, అన్ని గీతల మధ్య తనూ ఒక చుక్కలా కనిపిస్తోంది.

పది పేర్లయ్యాయి. నాంచారమ్మ రెండు చేతుల వేళ్ళూ ముడుచుకుపోయాయి. ఆమె ఆ పిడికిళ్ళ వైపు చూసుకుని, ఇంకా ఉన్నారే అన్నట్టు తలెత్తింది.

మస్తానమ్మ తన చేయి చాపింది.